మొంబాసా రేవులో నాలుగు దినములు

క్రిస్మసు పండుగకు నైరోబీలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లి, జనవరి మొదటి వారములో అమ్మాయి, అల్లుడు, తొమ్మిదేండ్ల మనుమరాలితో కలిసి మొంబాసా చూచి వచ్చాము. ఆఫ్రికా ప్రయాణమని తెలిసినప్పుడు మా సంఘపు పెద్దలు సింహాలను గురించి అడిగారు, జ్వరాలను గురించి అడిగారు. సముద్రమును గురించి అడిగినవారు లేరు. నిజానికి మాకును అప్పటికి అంతే తెలుసు. తిరిగి వచ్చిన తరువాత స్త్రీల కూటములో ఈ సంగతులు చెప్పుచుండగా, పత్రికకు వ్రాయండని పాస్టరమ్మగారు అన్నారు గనుక వ్రాస్తున్నాము.

నైరోబీనుండి మొంబాసాకు రైలులో ఇంచుమించు ఆరు గంటల ప్రయాణము. 2017లో తెరచిన కొత్త దారి ఇది. ఎత్తైన కట్టమీద సావో అడవిలో పోవుచుండగా ఎర్రమట్టి పూసుకొన్న ఏనుగులు కిటికీలోనుండి కనబడ్డాయి. పాత రైలుదారి వేరే ఉన్నది. దానిని ఆంగ్లేయులు 1896లో మొంబాసాలో మొదలుపెట్టి 1901 నాటికి విక్టోరియా సరస్సు వరకు వేశారు. పట్టాలు మోసినవారు మన దేశస్థులే. దాదాపు 32,000 మంది కూలీలు, ఎక్కువగా పంజాబువారు, ఒప్పందపు కాగితము మీద వేలిముద్ర వేసి ఓడలెక్కారు. వారిలో 2,500 మంది వరకు మరల ఇల్లు చూడలేదు. 1898లో సావో దగ్గర రెండు సింహాలు కూలీలను తిన్న కథ లోకమంతా ఎరుగును. కాని ఎక్కువమందిని చంపినవి సింహాలు కావు, జ్వరాలు, విరేచనాలు, పనిలో జరిగిన ప్రమాదాలు. మా పెద్దలు అడిగిన రెండు ప్రశ్నలకు జవాబు రైలులోనే దొరికింది.

మొంబాసా ఒక దీవి. రెండు సముద్రపు పాయలు దానిని ఇరువైపుల పట్టుకొన్నట్లు ఉంటాయి. ఉత్తరపు పాయ ఒడ్డున పాత రేవు, పాత పట్టణము. దక్షిణపు పాయలో కిలిండిని అను పెద్ద రేవు. స్వాహిలి మాటలో ఆ పేరుకు లోతైన చోటు అని అర్థము. సముద్రము లేని ఉగాండా వంటి దేశాలకు కూడ సరుకు ఇక్కడే దిగుతుంది. దక్షిణపు ఒడ్డుకు దాటించే లికోని పడవమీద నడిచి వచ్చినవారికి చార్జీ లేదు. వేలమంది ఒక్కసారి తోసుకొని ఎక్కుతుంటే మాకు మన తీర్థాలు గుర్తుకు వచ్చాయి.

పాత పట్టణపు సందులు ఇరుకు. ఇండ్ల తలుపులకు చెక్కడపు పని. ప్రక్క ప్రక్కనే మసీదులు, గుజరాతీల గుడులు. అక్కడ కొట్టును "దుకా" అంటారు, బండిని "గారి" అంటారు, చపాతీని చపాతీ అనే అంటారు. ఉదయము ఫలహారానికి కొబ్బరిపాలలో వండిన కందులు పెట్టారు. పప్పు చేయక గింజలుగానే ఉడికించి, మహమ్రి అను తియ్యని పూరీలవంటి వాటితో తింటారు. మా ఇంటిలో కందిగింజలు అలా ఎన్నడూ వండలేదు, ఇప్పుడు నెలకొకసారి వండుతున్నాము. రోడ్డు ప్రక్కన బావోబాబు మానులున్నాయి. గోల్కొండలో, నయా ఖిల్లా లోపల ఉన్న మహావృక్షము ఈ జాతిదే. దాని గింజలకు చక్కెర, ఎర్రరంగు పట్టించి "మబుయు" అని అమ్ముతారు. మనుమరాలి నాలుక నాలుగు దినములూ ఎర్రగానే ఉన్నది. ఆ దేశపు మాటలలో మేము నేర్చినవి మూడు: రండి అనుటకు "కరిబు", వందనము చెప్పుటకు "అసాంటె", ఎవరికైన కష్టము కలిగినప్పుడు అనే "పోలె". ఈ మూడవ మాట మాకు నచ్చింది. కాలు జారినవానికీ అదే, చావు ఇంటివారికీ అదే.

రెండవ దినము సముద్రము. అక్కడ ఇసుక తెల్లన. పగడపు రాయిని కొరికి తిని పొడిగా విడిచే చిలుక చేపలవలన కూడ ఆ ఇసుక తయారగునని చెప్పినప్పుడు మనుమరాలు నమ్మలేదు. ఒడ్డుకు దూరముగా పగడాల గట్టు గోడవలె నిలిచి అలలను విరుస్తుంది గనుక లోపలి నీరు చెరువువలె ఉంటుంది. పోటు, పాటు మాత్రము పెద్దవి. మన కాకినాడ వైపు తేడా ఒకటి రెండు మీటర్లకు మించదు. ఇక్కడ పున్నమి, అమావాస్యలకు మూడు మీటర్లు దాటుతుంది. ఉదయము ఈదిన చోట మధ్యాహ్నము నడిచి పోవచ్చును, ముండ్లబంతులవంటి ప్రాణులను త్రొక్కకుండ చూచుకోవాలి.

అల్లుడు వీపున గాలి సిలిండరు కట్టుకొని మునిగే విద్య నేర్చినవాడు. 2002లో అక్కడివారు డానియా అను పాత ఓడను, ఒకప్పుడు పశువులను మోసినదానిని, చేపలకు నివాసముగా ఉండుటకు కావాలని ముంచారు. అది ముప్పది మీటర్ల లోతున ఉన్నది. అతడు దానిని చూడబోయిన గంటసేపు అమ్మాయి నోట మాట లేదు, మేమును ప్రార్థన తప్ప మరేమీ చేయలేదు. మేమిద్దరము అడుగున గాజు బిగించిన పడవ ఎక్కాము. అడుగున పసుపు, నలుపు చారల చేపలు మందలుగా పోతుంటే, ఈత రాని మా వంటివారికి అదే చాలుననిపించింది. ఆ సముద్ర భాగమును 1986లో రక్షిత ప్రాంతము చేశారు. మనుమరాలు ఇసుక తిన్నెమీద గుప్పెడు గవ్వలు ఏరి జేబులో వేసికొన్నది. పడవవాడు నవ్వుతూనే అన్నిటిని వెనుకకు వేయించాడు. ఇక్కడ గవ్వ కూడ ఒకరి ఇల్లే అన్నాడు. 1998లో సముద్రము మితిమీరి వేడెక్కి ఆ తీరమంతట పగడాలు తెల్లబడి చాలా భాగము చచ్చిపోయాయి. మా నాయన చూచిన రంగులు మీరు చూడటము లేదని కూడ అతడే చెప్పాడు.

మూడవ దినము కోటకు వెళ్లాము. పోర్చుగీసువారు 1593లో కట్టను మొదలుపెట్టి దానికి యేసు కోట అని పేరు పెట్టారు. ఆయన పేరు పెట్టి గోడలమీద ఫిరంగులు నిలిపారు. ఆంగ్లేయులు 1895నుండి 1958 వరకు దానినే జైలుగా వాడుకొన్నారు. ఆ పేరు ఎవరైన ఒక్కసారి బయటికి చదివి చూచుకొన్నారో లేదో. 1696లో ఒమాను అరబ్బులు ముట్టడి వేసి 1698 చివర పట్టుకొన్నారు. లోపలివారిలో అధికులు తెగులుతోనే పోయారు. వారికి సహాయముగా గోవానుండి వచ్చిన ఒక యుద్ధపు ఓడ 1697లో కోట ఎదుటనే మునిగింది. అది మన వసైలో, అనగా బొంబాయి దగ్గర, కట్టిన ఓడ. 1977నుండి కొన్ని సంవత్సరాలు పురావస్తు పరిశోధకులు మునిగి వస్తువులు పైకి తెచ్చారు. కుండలు, పింగాణి, ఫిరంగి కోటలోని మ్యూజియములో ఉన్నాయి. వినోదానికి మునిగేవారే గాక ఇందుకు మునిగేవారును ఉన్నారని అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నము న్యాలి వంతెన దాటి ఉత్తరపు ఒడ్డుకు వెళ్లాము. రద్దీగల కూడలి దగ్గర రాతి కమాను, దానికి గంట. ఆ చోటును కెంగెలేని అంటారు, గంట దగ్గర అని అర్థము. ఆ పరిసరాల పేరు ఫ్రెరెటౌను. ఇది విడుదల పొందిన బానిసల ఊరు.

ఈ ఊరి కథకు మన నాసికుతో సంబంధమున్నది. అరబ్బుల పడవలలో పట్టుబడిన ఆఫ్రికా పిల్లలను ఆంగ్ల నౌకలు విడిపించి బొంబాయిలో దించేవి. మిషనువారు వారిని నాసికు దగ్గరి శరణ్‌పూరులో చేర్చి చదువు, వడ్రంగము, కమ్మరిపని నేర్పారు. 1873లో బొంబాయి మాజీ గవర్నరు బార్టిలు ఫ్రెరె జాంజిబారు సుల్తానుతో మాట్లాడి సముద్రముమీద బానిసల వ్యాపారము ఆపించిన తరువాత, ఆయన పేరుతో ఇక్కడ ఊరు కట్టారు. నాసికులో పెరిగినవారు వచ్చి ఇక్కడ ఉపదేశకులు, పనివారు అయ్యారు. బానిసలను పట్టేవారు వస్తున్నారంటే ఆ గంట మ్రోగించేవారట. ఊరిలో అంతా ప్రేమే అని చెప్పుటకు లేదు. 1880ల మొదట ఇక్కడి పర్యవేక్షకుడొకరు కొరడా శిక్షలు వేసిన సంగతి లండనుదాక పోయి విచారణ జరిగింది. ఒక యజమానినుండి తప్పించుకొని వచ్చినవారిని మరొకరు కొట్టారన్న మాట మాకు గంటకంటె ఎక్కువసేపు చెవిలో మ్రోగింది.

నాసికువారిలో విలియం జోన్సు అను ఆయనను గూర్చి తప్పక చెప్పాలి. 1885లో బిషపు హానింగ్టనుతో ఉగాండా దారిలో వెళ్లింది ఈయనే. బిషపుగారిని, ఆయన వెంట ముందుకు పోయినవారిలో ఎక్కువమందిని అక్కడ చంపారు. వెనుక నిలిచిన గుంపును జోన్సు నడిపించుకొని, "ఈకాబోదు" అని వ్రాసిన జెండాతో తీరము దగ్గరి రబాయికి తిరిగి చేరాడు. సమూయేలు గ్రంథము చదివినవారికి ఆ మాట విప్పనక్కరలేదు. యజమానులను విడిచి పారిపోయి వచ్చిన బానిసలను రబాయిలో ఆయన చేరనిచ్చాడు. తరువాత 1,400 మందికి పైగా అటువంటివారికి యజమానులకు సొమ్ము చెల్లించి విడుదల పత్రాలు ఇప్పించారు. చట్టములో బానిసత్వము పోయింది మాత్రము 1907లో.

చివరి దినము ఉదయము, రైలుకు ముందు, పాయ ఒడ్డున ఒక సమాధి చూడబోయాము. జర్మను మిషనెరీ క్రాఫుగారు, ఆయన భార్య రోసీనమ్మగారు 1844 మే నెలలో మొంబాసా వచ్చారు. జూలైలో ఆమె ఆడపిల్లను కన్నది. వారము తిరిగేసరికి జ్వరముతో తల్లి పోయింది, రెండు దినములకు బిడ్డయు పోయింది. ఆయనకును జ్వరమే. అంతకు ముందు ఇతియోపియా దారిలో పుట్టిన మరొక బిడ్డ కూడ వారికి దక్కలేదు. ఈ సమాధి ఇక్కడ పని ఆరంభమైనదనుటకు గురుతని ఆయన లండనుకు వ్రాశారు. తరువాత స్వాహిలి నిఘంటువు చేశారు, 1849లో కెన్యా కొండను చూచి లోకానికి చెప్పారు. ఆ ఉత్తరము గొప్పదే. కాని అక్కడ నిలిచినప్పుడు మాకు తోచింది వేరు. ఆ వారములో రాత్రులు ఆయన ఎవరితో మాట్లాడి ఉంటారు?

1981లో మా మొదటి బిడ్డ పదకొండు దినములు బ్రదికి పోయాడు. చెరువుగట్టు క్రింద మనవారి శ్మశానములో పెట్టాము. రాయి పాతుటకు చేతిలో డబ్బు లేదు. రెండేండ్ల తరువాత వచ్చిన వరదకు గట్టు తెగి మట్టి అంతా మారిపోయింది. ఫలాని చోటు అని ఇప్పుడు చూపలేము. అమ్మాయి తరువాత పుట్టింది. దానికి ఈ సంగతి చెప్పనే లేదు. మొదట చిన్నదని, తరువాత పెండ్లని, తరువాత కానుపని, ఏదో ఒకటి.

ఆ దినము మేమిద్దరము ఒకరి ముఖము ఒకరు చూచుకొనలేక నిలిచియుంటే, అమ్మాయి వచ్చి ఏమైందని అడిగింది. అక్కడే చెప్పాము. అది చాలాసేపు నీళ్లవైపు చూస్తూ నిలబడి, "అన్న పేరేమిటి నాన్నా?" అన్నది. శామ్యూలు అని చెప్పాము. మనుమరాలు వ్రేళ్లు లెక్కపెట్టుకొని, "అయితే నాకు పెద్ద మామయ్యా?" అన్నది. అవునన్నాము.

ప్రక్కన గడ్డి కోస్తున్న ముసలాయన మా భాష తెలియనివాడు. కొడవలి క్రింద పెట్టి, రెండు అడుగులు ముందుకు వచ్చి, "పోలె, పోలె సానా" అన్నాడు. అసాంటె అన్నాము.