పెట్టెలోని గడియారాలు

మా ఇంటిలో ఒక రేకుపెట్టె ఉన్నది. ఒకప్పుడు అందులో మా అమ్మ తన పెండ్లినాటి చీర దాచుకొనేది. ఇప్పుడందులో నా చేతిగడియారాలున్నవి. మొత్తం పందొమ్మిది. ప్రతి ఆదివారం ఉదయం పెట్టెను అరుగు మీదికి తెచ్చి, ఒక్కొక్కదానిని మెత్తని పాతగుడ్డతో తుడిచి, చావి తిప్పవలసిన వానికి తిప్పి, చెవి దగ్గర పెట్టుకొని వింటాను. "పొద్దుపొద్దుగాల గుండెలు సూసే డాక్టరు లెక్క కూసుంటవు" అని మా ఇల్లాలు ఎత్తిపొడుస్తుంది. అన్నీ విన్న తరువాత మరల సర్ది మూత వేస్తాను. పందొమ్మిదింటిలో ఏ రెండూ ఒకే సమయం చెప్పవు. వానిని సరిచేయాలన్న తపన ఒకప్పుడుండేది, ఇప్పుడు లేదు.

సేకరణ అన్నానని స్విట్జర్లాండు సరుకు ఊహించుకోకండి. వేలం వేస్తే ధర పలికేవి ఇందులో రెండో మూడో ఉంటే ఉండవచ్చు. నేను డబ్బు పెట్టి కొన్నవి నాలుగే. మిగిలినవన్నీ ఎవరో ఒకరు ఇచ్చినవి.

తెలుగు పండితుడిని కనుక ఇక్కడ ఒక్క మాట చెప్పకుండ ముందుకు పోలేను. 'గడియ' అనేది 'ఘటిక'కు తద్భవం. ఘటమంటే కుండ. అడుగున సన్నని రంధ్రమున్న గిన్నెను నీళ్ల మీద వదిలితే, అది నిండి మునగడానికి పట్టే కాలం ఒక ఘటిక. నేటి లెక్కలో 24 నిమిషాలు. ఏడున్నర గడియలు ఒక జాము, 60 గడియలు ఒక రాత్రీ పగలూ. ఆ గడియే తలుపుకు వేసే గడియ కూడ. పిల్లలకు నానార్థాలు చెప్పేటప్పుడు నాకు మిక్కిలి ఇష్టమైన ఉదాహరణ ఇది.

నా మొదటి గడియారం నేను కొన్నది కాదు. 1985లో నా పెండ్లికి మా మామగారు పెట్టినది. ఆ కాలంలో మా వైపు పెండ్లికొడుకుకు వాచీ, సైకిలు, రేడియో పెట్టడం ఆనవాయితీ. వరకట్న దురాచారం మీద పిల్లలచేత వ్యాసాలు వ్రాయించిన వాడినే, చేయి చాచి వాచీ కట్టించుకొన్నాను. ఆ వైరుధ్యం అప్పుడు నాకు తోచలేదు. తోచినా చేయి వెనుకకు తీసికొనేవాడినని ఇప్పుడు ప్రమాణం చేయలేను. అది హెచ్.ఎం.టి. జనత. తెల్లని ముఖం, దేవనాగరిలో పేరు, 17 రాళ్లు. రాళ్లంటే ఉంగరంలో పొదిగేవనుకొని, అల్లునికి పదిహేడు కెంపులు పెట్టినామని మా అత్తగారు చాలాకాలం ఊరంతా చెప్పుకొన్నది. అది పూర్తిగా అబద్ధమూ కాదు. లోపలి చక్రాల ఇరుసులు తిరిగేచోట రాపిడికి అరిగిపోకుండ కృత్రిమంగా తయారుచేసిన కెంపులనే అమరుస్తారు. ఆ గడియారపు గుండె సెకనుకు ఐదుమార్లు, అంటే గంటకు 18,000 మార్లు కొట్టుకొంటుంది. నా గుండె కంటె చాల చురుకైనది.

ఆ సంస్థ కథ మీకు తెలిసినదే. 1961లో జపాను దేశపు సిటిజన్ వారి సహకారంతో బెంగుళూరులో గడియారాలు చేయడం మొదలుపెట్టింది. తరువాత శ్రీనగరులో, తుముకూరులో కూడ కర్మాగారాలు వెలిశాయి. ఉద్యోగం వచ్చినా, పెండ్లి అయినా, పదవ తరగతిలో ఫస్టుక్లాసు వచ్చినా ఆ వాచీయే. 1987లో టైటాన్ వారి సన్నని బ్యాటరీ గడియారాలు బజారుకు వచ్చిన తరువాత చావి తిప్పే ఓపిక జనానికి తగ్గింది. 2016లో కేంద్ర మంత్రివర్గం ఆ గడియారాల సంస్థ మూసివేతకు ఆమోదం తెలిపింది. ఇక అప్పటినుండి పాతవానికి గిరాకీ పెరిగింది. పాత యంత్రానికి రంగురంగుల కొత్త ముఖాలు అతికించి అసలువని అమ్మేవారు కూడ బయలుదేరారు. మా అబ్బాయి హైదరాబాదునుండి వచ్చినప్పుడల్లా "బాపూ, ఇవి ఇంటర్నెట్లో పెడితే మంచి ధర వస్తది" అంటాడు. మొదటిసారి కోపం వచ్చింది. ఇప్పుడు నవ్వి ఊరుకొంటున్నాను.

ఆ జనతతోనే నాకొక అధికారం చేతికి వచ్చింది. 1985లో చందుర్తి మండలమైంది. ఆ మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో నేను పని చేసేవాడిని. బడి గంట అంటే వేపచెట్టుకు వ్రేలాడదీసిన రైలుపట్టా ముక్క. అటెండరు ఇనుపకడ్డీ పట్టుకొని నా వైపు చూచేవాడు, నేను మణికట్టు వైపు చూచేవాడిని. మా ప్రధానోపాధ్యాయులకు వాచీ లేక కాదు. అది ఎప్పుడూ పది నిమిషాలు ముందు నడిచేది. నేను ప్రతి ఉదయం రేడియోలో వార్తలకు ముందు వినవచ్చే సంకేతానికి ముల్లు సరిచేసికొని బయలుదేరేవాడిని. అంటే ఆకాశవాణివారి కాలం నా మణికట్టు మీదుగా రైలుపట్టాకు చేరి, అక్కడినుండి పొలాల మీదికి పోయేదన్నమాట. నాట్లు వేసే ఆడవాళ్లు మా మధ్యాహ్నపు గంట విని సద్దులు విప్పుతారని ఎవరో చెప్పినప్పుడు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ప్రార్థన ముగియగానే గేటుకు గడియ పెట్టించేవాడిని. ఆ తరువాత వచ్చినవారికి నా చేతి బరిగె సమాధానం చెప్పేది.

1991 చలికాలంలో తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు ఒకే వారంలో మూడవసారి ఆలస్యంగా వచ్చాడు. బడికి ఒక కోసుదూరంలోని పల్లె. గేటు అవతల నిలబడి వగరుస్తున్నాడు. గడియ తీయించి, చేయి చాపించి నాలుగు అంటించాను. "ఇంట్లో గడియారం లేదారా?" అని గద్దించాను.

"లేదు సారూ" అన్నాడు.

వరుసలో ఉన్న పిల్లలు నవ్వారు. అది ఎదురు సమాధానమని నాకు తోచింది. మరి రెండు అంటించాను. నేను అడిగినది ప్రశ్న కాదు, తిట్టు. వాడు దానిని ప్రశ్న అనుకొని, ఉన్న నిజం చెప్పాడు. తెలుగు వాక్యంలో ప్రశ్నార్థకం ఎప్పుడు ప్రశ్న, ఎప్పుడు కాదు అనే పాఠం పిల్లలకు చెప్పేవాడిని నేనే.

పదిరోజుల తరువాత వాని తల్లి ఉపకారవేతనం కాగితం మీద సంతకం కోసం వచ్చింది. బీడీలు చుట్టే మనిషి. వేళ్ల కొనలు తునికాకు కత్తిరించి కత్తిరించి మొద్దుబారి ఉన్నవి. దెబ్బల సంగతి ఆమెకు తెలియదని మాటల వలన అర్థమైంది, పిల్లవాడు చెప్పలేదు. నేనే మాట కదిపి, వేళకు పంపుమని అన్నాను.

"మాకు బస్సే గడియారం సారూ. కోరుట్ల దిక్కు పొయ్యే బస్సు మోత ఇనంగనె పోరన్ని తోల్త. బస్సు రాకుంటె పొద్దు సూసి తోల్త. సలికాలం మబ్బు వడితె పొద్దు సుత కనవడదాయె" అన్నది.

ఆ వారం వేములవాడనుండి వచ్చే బస్సు చెడిపోయి సరిగా తిరగలేదు. ఆ సంగతి నాకు తెలుసు. నేను సైకిలు మీద వచ్చేవాడిని కనుక పట్టించుకోలేదు, అంతే.

ఆమె ఇంకా చాలా చెప్పింది. కోడి కూయంగ లేస్తుందట. బారెడు పొద్దెక్కేదాక ఆకు తడిపి కత్తిరిస్తుందట. అంబటాల్లకు అందరికీ గంజి పోసి బీడీల చాట ముందర పెట్టుకొంటే, పొద్దు వాటారేదాక లేవదట. పసులు మళ్లే యాళ్లకు కట్టలు కట్టుకొని కార్ఖానాకు పోతుందట. ఇవన్నీ మా అమ్మ మాటలే. వేగుచుక్క పొడిచిందనీ, పొద్దు నడినెత్తికి వచ్చిందనీ, పొద్దుగూకిందనీ, దీపాల యాళ్ల అయిందనీ వింటూ పెరిగినవాడినే నేను. అంబటాల్ల అంటే అంబలి తాగే వేళ. ఆ మాటలో కాలం కడుపుతో ముడివడి ఉన్నది. చావి తిప్పడం అలవాటైన ఆరేండ్లలో ఈ మాటలన్నీ నాకు పాఠంలో అర్థాలు చెప్పడానికి తప్ప, లోకంలో ఉన్నట్లు గుర్తులేకుండ పోయినవి. ఆమెకు దెబ్బల సంగతి చెబుదామని నోటిదాక వచ్చింది. చెప్పలేదు. కాగితం మీద సంతకం చేయించి ఇచ్చాను. ఆ తరువాత గేటుకు గడియ పెట్టించడం మానుకొన్నాను. మాష్టారు మెత్తబడ్డారని తోటివారు అన్నారు.

ఆ పిల్లవాడు పది పాసై, సిరిసిల్లలో కొన్నాళ్లు సాంచాల మీద పని చేసి, తరువాత మా ప్రాంతపు వేలాదిమంది వలె గల్ఫు దారి పట్టాడు. మస్కటు. 2003లో మొదటిసారి సెలవు మీద వచ్చిన మరునాడే మా ఇంటికి వచ్చాడు. మనిషి నల్లబడి, గట్టిపడ్డాడు. కుశలప్రశ్నలయిన తరువాత చేతికున్న రికో వాచీ తీసి నా ముందు పెట్టాడు.

"గిది మీకు సారూ."

"నాకెందుకురా? నాకున్నది కద."

"మీకు టైమంటె పానం గద సారూ."

ఎత్తిపొడుపేమో అని వాని ముఖంలోకి చూచాను. కాదు. నేను గద్దించినప్పుడు ఉన్న నిజమే చెప్పిన ముఖం అది. ఏమనాలో తెలియక వాచీ చేతిలోకి తీసికొన్నాను. సమయం సరిగ్గా ఉన్నది. మస్కటుకూ మనకూ గంటన్నర తేడా.

"రాత్రే దిగినవు. అప్పుడే ఇక్కడి టైము పెట్టినవా?"

"పెట్టుడేంది సారూ, తీసిందే లేదు. ఆడ సుత ఇంటి టైమే. తోటోళ్లు నవ్వేటోళ్లు. గీ ముల్లు సూసి, ఇప్పుడు అవ్వ ఆకు కత్తిరిస్తాంది, ఇప్పుడు సారు బడి గంట కొట్టిచ్చిండు అనుకునేటోన్ని. పనికి పోవాలంటె గంటన్నర తీసేసి లెక్క గట్టుకునుడే."

"ఎన్నడన్న లెక్క తప్పలేదా?"

"ఒక్కనాడు తప్పిన. జీతం కోసిన్రు" అని నవ్వాడు.

ఇక నేనేమి మాట్లాడగలను! ఆ వాచీని ఒక్కనాడు కూడ కట్టుకోలేదు. రేకుపెట్టె ఖాళీ చేయించి అందులో పెట్టాను. సేకరణ అన్నది ఆ రోజునుండే మొదలైందని చెప్పాలి. మా పాతవాచీలు దానికి తోడు పెట్టాను. మస్కటునుండి, దుబాయినుండి వచ్చిన శిష్యులు సీకోలు, కాసియోలు తెచ్చి ఇచ్చారు. సారుకు గడియారాల పిచ్చి అని ఊరిలో పేరు పడింది. ఒక తోటి ఉపాధ్యాయుడు తన ఆల్విన్ వాచీ ఇచ్చాడు. బస్సుల బాడీలకు, ఫ్రిజ్జులకు పేరుపడిన మన హైదరాబాదు ఆల్విన్ సంస్థ 1980లలో సీకో వారి సహకారంతో గడియారాలు కూడ చేసిందని నేటి పిల్లలకు చెబితే నమ్మరు. 2018లో నా పదవీవిరమణకు శాలువాతో పాటు టైటాన్ ఇచ్చారు. వేళకు పోవలసిన చోటు లేనినాడు మనిషికి గడియారం ఇచ్చే ఈ ఆచారం ఎవరు పెట్టారో కాని, నాకు చాల విచిత్రంగా తోస్తుంది. ఇన్నింటిలో తెలుగు అంకెలున్నది ఒక్కటీ లేదు. ఆ కొరత మాత్రం ఉన్నది.

రికోకు చావి తిప్పనక్కరలేదు. లోపల అర్ధచంద్రాకారపు బరువొకటి చేయి కదిలినప్పుడల్లా తిరిగి స్ప్రింగును తానే చుట్టుకొంటుంది. కట్టుకొన్న మనిషి పనిచేస్తుంటేనే అది నడుస్తుంది. పెట్టెలో పెట్టిన రెండవనాటికే ఆగిపోయింది. వారం పేరు అరబ్బీలో చూపిస్తూ ఒకే చోట ఏండ్ల తరబడి నిలిచిపోయింది.

నిరుడు బతుకమ్మ పండుగకు కొంచెం ముందు, ఒక మంగళవారం అతడు వచ్చాడు. ఇక తిరిగి పోడట. తల వగ్గుబడింది, నాకు వలెనే కళ్లజోడు. తల్లి పోయి ఆరేండ్లయింది. ఈసారి అడిగి తీరాలని నిశ్చయించుకొని, 1991 చలికాలం సంగతి ఎత్తాను. గేటు దగ్గర ఆరు దెబ్బలు, గడియారం లేదా అన్న మాట, అన్నీ చెప్పాను. నా తప్పు నాయనా అన్నాను.

అతడు కొంతసేపు ఆలోచించాడు. "ఏ దెబ్బలు సారూ? మీరు మస్తుసార్లు కొట్టిన్రు" అన్నాడు.

లోపలినుండి మా ఇల్లాలు పకపక నవ్వింది. నేనూ నవ్వడానికి ప్రయత్నం చేశాను. ముప్పది ఏండ్లకు పైగా నేను ఒక్కనాటి దెబ్బలు లెక్కపెట్టుకొంటూ వచ్చాను. మిగిలిన రోజులు నా లెక్కలోకే రాలేదు.

పెట్టె తెచ్చి రికో అతని చేతిలో పెట్టి, తీసికొని పొమ్మన్నాను. రెండుమార్లు ఊపి చెవి దగ్గర పెట్టుకొన్నాడు. నడిచింది. కళ్లజోడు సవరించుకొని చూచి, "సారూ, గిండ్ల జుమా ఉన్నది, ఇయ్యాల మంగళారం" అన్నాడు. అక్షరం అక్షరం కూడబలుక్కొని అరబ్బీలో వారాలు చదువుతూ ఒక్కొక్కటే తిప్పి సరిచేశాడు. తరువాత గోడగడియారం చూచి ముల్లు పెట్టాడు. "మీ తాననే ఉండనీయుండ్రి. నాకు సెల్లున్నది గద" అని బల్ల మీద పెట్టాడు.

చాయ తాగుతూ పొలం సంగతి, బిడ్డ చదువు సంగతి చెబుతున్నాడు. గోడగడియారంలో నాలుగు కావడానికి ఇంకా పది నిమిషాలున్నది. కూర్చోమందామని అనుకొనేలోగా గ్లాసు క్రింద పెట్టి లేచాడు.

"బస్సచ్చింది సారూ" అన్నాడు.

నాకేమీ వినబడలేదు. అతడు అరుగు దిగి నాలుగడుగులు వేసిన తరువాత, రుద్రంగి రోడ్డు మూల మీద బస్సు హారను మోగింది.

రికో మరునాటి రాత్రిదాక నడిచింది. ఆగకముందే తీసి కట్టుకొన్నాను. పట్టీ కొంచెం వదులు.