కాటుక భరిణె, కలరా ఉండలు

మా బాగ్ అంబర్‌పేట ఇంట్లో ఆముదం కొనేవాళ్లు కాదు, వండేవాళ్లు. నల్గొండ దగ్గర నానమ్మ పుట్టినూళ్లో ఎర్రచెల్క ఉండేది. అక్కడ పండిన ఆముదాలు ఏటా చిన్న గోనెసంచిలో వచ్చేవి. ఇంట్లో ఎవరికైనా నెలలు నిండుతున్నాయంటే పెరట్లో మూడురాళ్ల పొయ్యి అంటుకునేది. నానమ్మ గింజల్ని బాండీలో దోరగా వేయించి, రోట్లో మెత్తగా దంచి, ఆ ముద్దను నీళ్లలో వేసి పొద్దుగూకేదాకా కాచేది. పైకి తేలిన నూనెను గరిటెతో అంచుల నుంచి ఓపిగ్గా తీసి వేరే గిన్నెలో పోసేది. చిటపటలు ఆగేవరకు మళ్లీ కాచి పలచటి గుడ్డలో వడపోసేది. ఆ వాసన మర్నాటికి కూడా ఇంటిని వదిలేది కాదు. పసిబిడ్డ మాడుకు, బాలింత తలకు, దేవుడి దీపానికి, కాటుకకు అన్నిటికీ ఆ వంటాముదమే.

ఆముదపు గింజలు చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటాయో. గోధుమరంగు మీద తెల్లటి మచ్చలు, ఒక్కో గింజది ఒక్కో తీరు. గవ్వలతో కలిపి ఆడుకుంటామని అడిగితే నానమ్మ కళ్లెర్రజేసేది. "నోట్లె ఏస్కుంటే పాణం పోతది" అంటూ సంచి మూతికట్టి అటక మీదికి ఎక్కించేది. ఆ గింజలో రైసిన్ అనే విషం ఉంటుందని, అది నూనెలోకి దిగదని, బాగా కాగితే విరిగిపోతుందని చాలా ఏళ్ల తర్వాత చదివాను. నానమ్మకు ఆ పేరు తెలియదు. గింజ చంపుతుందనీ నూనె చంపదనీ తెలుసు, గింజ నూనె కావడానికి ఏం చెయ్యాలో తెలుసు.

ఇదంతా ఇప్పుడు తవ్వుకోవడానికి కారణం తార్నాకలో మా అమ్మాయి ఇల్లు. మనవరాలు పుట్టకముందు నుంచే ఆ ఇంటికి అట్టపెట్టెలు రావడం మొదలైంది. ప్రతి సీసా మీదా పచ్చటి ఆకు బొమ్మ, "సహజం" అనే మాట. ఒక్కోటి తీసి, వెనకవైపు చిన్న అక్షరాలు చదివి, "అమ్మా, మీరప్పుడు ఏం వాడిండ్రు?" అని అడిగేది. జవాబు చెప్పబోతే ఒక్కో వస్తువు వెనక ఒక్కో మనిషి గుర్తుకొచ్చేది. ఆ మనుషులూ లేరు, ఆ వస్తువులూ చాలామటుకు లేవు. అయితే పాతదని చెప్పి అన్నిటినీ నెత్తిన పెట్టుకోమని నా కూతురికి చెప్పలేను. అందులో తేనె ఉంది, విషమూ ఉంది.

నీళ్లుపోసే అవ్వ పటేల్‌నగర్ వైపు నుంచి పొద్దున్నే వచ్చేది. పీట మీద కూర్చుని కాళ్లు బారచాపి, మోకాళ్ల కింద బిడ్డను పడుకోబెట్టుకునేది. ముందు అరచేతుల్లో ఆముదం రుద్దుకుని వెచ్చబరిచేది. తర్వాత ఛాతీ మీంచి భుజాలకు, తొడల మీంచి పాదాలకు ఆ చేతులు సాగుతుంటే ఎంతటి ఏడుపుగొట్టు బిడ్డయినా మెత్తబడిపోయేది. నలుగుపిండి ఇంట్లోనే పట్టేవాళ్లు: పెసలు, శెనగలు, ఎండు గులాబీ రేకులు, కచ్చూరాలు, చిటికెడు పసుపు. కాగులో నీళ్ల వేడిని అవ్వ మోచేత్తో చూసేది. ఇప్పటికీ పసిబిడ్డకు నీళ్లు పోసేముందు మోచేయి ముంచి చూడమనే పిల్లల డాక్టర్లు చెబుతారు.

ఆ మర్దనాను, ఆ చేతుల్ని ఎంత తలుచుకున్నా తనివి తీరదు. కానీ అదే అవ్వ చివర్లో బిడ్డ ముక్కుల్లో రెండేసి ఆముదం చుక్కలు వేసి నోటితో ఊదేది. ఆ చుక్కలు ఊపిరితిత్తుల్లోకి జారితే నూనె నిమోనియా వస్తుంది, పసివాళ్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది. సాంబ్రాణి పొగ కూడా అంతే. మనకు హాయిగా ఉన్నా ఆ చిన్న ఊపిరితిత్తులకు అది పొగే. వస కొమ్మును సానరాయి మీద అరగదీసి, తల్లిపాలలో రంగరించి నాలుకకు రాసేవాళ్లు. గలగలా మాట్లాడేవాళ్లను చూసి "చిన్నప్పుడు వస పోశారా ఏంటి" అనడం అక్కణ్నించి వచ్చిందే. ఆ వసలో ఉండే బీటా అసరోన్ అనే పదార్థం ఎలుకల్లో కేన్సర్ కలిగించిందని తేలాక, 1968లోనే అమెరికా దాన్ని ఆహారంలో వాడకుండా నిషేధించింది. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేని బిడ్డకు వస ఎందుకు, తేనె ఎందుకు? ఏడాది నిండని పిల్లలకు తేనె పెడితే బోటులిజం వచ్చే ప్రమాదం ఉంది. మా ఇంట్లో మాత్రం పుట్టిన రోజే నాలుకకు తేనె నాకించేవాళ్లు.

కాటుక సంగతి వేరు. అది ఒక రాత్రి పండుగ. పొన్నగంటి ఆకు పసరులో ముంచి నీడన ఆరబెట్టిన గుడ్డతో నానమ్మ వత్తి చేసేది. రెండు ఇటుకల మధ్య మట్టి ప్రమిదలో ఆముదం పోసి, పైన రాగి పళ్లెం బోర్లించేది. పళ్లెం అడుగున ముందే గంధం పూసేది. దీపం ఎగిరితే మసి గరుకవుతుందని గాలి తగలకుండా చుట్టూ అట్టముక్కలు నిలబెట్టేది. తెల్లారి లేచేసరికి పళ్లెం కింద నల్లటి మఖమల్ పరిచినట్టు మసి. దాన్ని తమలపాకు ఈనెతో గీకి, కొంచెం ఆముదం వేసి, వేలికి గరుకు తగలనంతవరకు నూరి ఇత్తడి భరిణెలోకి ఎత్తేది. మొదటి చుక్క బిడ్డ అరికాలికి, రెండోది బుగ్గకు దిష్టిచుక్క, ఆ తర్వాతే కళ్లు.

చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాల్లో సుర్మా దొరికేది, ఇప్పటికీ దొరుకుతుంది. మా వాడలో కొందరిళ్లలో పిల్లలకు అదే పెట్టేవాళ్లు. ఒకసారి ఎవరో చిన్న సీసా కానుకగా తెస్తే నానమ్మ గోటి మీద వేసుకుని రుద్ది చూసింది. తళుక్కుమంది. "ఇది మసి గాదు, రాయి. రాయిని పోరల కంట్ల పెడ్తరా?" అని పక్కన పెట్టేసింది. సుర్మా చాలామటుకు గలీనా రాయి పొడి, అంటే సీసం సల్ఫైడ్. అది పెట్టుకున్న పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా కనబడటం ఎన్నో దేశాల్లో నమోదైంది. పసిమెదడుకు సీసం ఎంత తక్కువైనా క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నానమ్మ మసిలో సీసం లేదు. అయినా కంటిడాక్టర్లు కాటుకే వద్దంటారు, వేలితో క్రిములు కంట్లోకి పోతాయి కాబట్టి. మా మనవరాలికి అరికాలి చుక్క ఒక్కటే మిగిలింది. అది చాలు.

కొన్న డబ్బా మీద "మూలికల కాటుక" అని రాసుంటే సరిపోదని మా అమ్మాయికి గట్టిగానే చెప్పాను. సుర్మా కూడా నేలలో పుట్టిన సహజమైన రాయే. పసుపు అన్నిటికంటే సహజం. మెరుపు కోసం దానికి సీసం క్రోమేట్ కలిపిన ఉదాహరణలు మన ఉపఖండంలో పరీక్షల్లో బయటపడ్డాయి. నానమ్మ అడిగే ప్రశ్నలు రెండే: ఇది ఎక్కడిది, ఇందులో ఏం కలిపిండ్రు? బిడ్డ వంటికి తగిలే ప్రతిదాన్నీ అలా నిలదీసేది.

బట్టల విషయంలోనూ అంతే. పుట్టిన బిడ్డకు కొత్తబట్టలు వేసేవాళ్లు కాదు. ఎన్నో ఉతుకులు పడి వెన్నలా మారిన నేతచీరల్ని చింపి పొత్తిళ్లు చేసేవాళ్లు. మిగిలిన ముక్కలు పొరలు పొరలుగా కుట్టి బొంతలు. కాన్పుకూ కాన్పుకూ మధ్య అవన్నీ రేకుపెట్టెలో ఉండేవి. పురుగు పట్టకుండా వేపాకు పరిచేవాళ్లు. ఆ వేపాకు కోసం నేను, నాన్న పొద్దున్నే ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లోకి వెళ్లేవాళ్లం. అంబర్‌పేట వైపు నుంచి లోపలికి పోతే ఎక్కడ చూసినా వేపలు, సీతాఫలాలు, చింతలు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కాసేపు కూర్చుని, లేతరెమ్మలు జోలెలో వేసుకుని, ఒక్కోసారి అట్నుంచటే తార్నాక దాకా నడిచి బస్సులో తిరిగొచ్చేవాళ్లం. ఆ చెట్లలో చాలా వాటి చోట ఇప్పుడు భవనాలున్నాయి.

తర్వాత కిరాణా కొట్టులో కలరా ఉండలు రావడంతో వేపాకు పని తప్పింది. తెల్లగా, గుండ్రంగా, ఘాటైన వాసనతో ఉండే ఆ ఉండలంటే అందరికీ నమ్మకం. చిన్నమ్మకు కొడుకు పుట్టినప్పుడు ఆ పెట్టెలోంచే పొత్తిళ్లు తీశారు. వారం తిరక్కుండా వాడి కళ్లు పచ్చబడ్డాయి, పెదవులు పాలిపోయాయి, మూత్రం నల్ల చాయ్ రంగులో వచ్చింది. ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ బిడ్డను చూసి, పొత్తిగుడ్డ ముక్కుకు దగ్గరగా పట్టుకుంది. "ఈ బట్టలు ఎక్కడ దాచిండ్రమ్మా?" అని అడిగింది. చిన్నమ్మ చెప్పగానే రక్తం ఎక్కించడానికి ఏర్పాట్లు మొదలయ్యాయి. వాడు బతికి బట్టకట్టాడు, ఇప్పుడు వాడికీ పిల్లలున్నారు.

కలరా ఉండలంటే నాఫ్తలీన్. కొందరి ఎర్ర రక్తకణాల్లో జి6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది, మగపిల్లల్లో ఈ లోపం ఎక్కువ. అలాంటి బిడ్డ ఆ వాసన పీల్చినా, అది పట్టిన గుడ్డ చర్మానికి తగిలినా రక్తకణాలు చిట్లిపోతాయి, కామెర్లు మెదడుకు ఎక్కే ప్రమాదం ఉంది. మలేరియా తరతరాలుగా పీడించిన ప్రాంతాల్లోనే ఈ లోపం ఎక్కువ కనబడుతుంది. మలేరియాను దోమ మోస్తుందని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది ఇక్కడికి దగ్గర్లోనే, సికింద్రాబాద్‌లో. మలేరియా మన ఊరికి కొత్త కాదు, అందుకే ఇక్కడ పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఆ ఉండలు ఉండకూడదు. బీరువాలోనూ వద్దు, బాత్రూమ్‌లోనూ వద్దు. పాత పెట్టెలోని బట్టలు వాడాలనుకుంటే బాగా ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో వేయాలి. ఎవరు పట్టించుకున్నా లేకున్నా ఈ ఒక్క మాట నేను బాలింత ఉన్న ప్రతి ఇంట్లోనూ చెబుతాను.

పడక గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నేలమీద చాప, దానిమీద గట్టి బొంత, వెల్లకిలా బిడ్డ. ఇంగ్లండులో 1991లో పసివాళ్లను వెల్లకిలా పడుకోబెట్టండని ప్రచారం చేశాక నిద్రలోనే ప్రాణం పోయే పిల్లల సంఖ్య బాగా తగ్గింది. తల గుండ్రంగా రావాలని మేం పెట్టే ఆవాల దిండు మాత్రం పోవాల్సిందే, పోయింది కూడా. మొదటి ఏడాది ఏ దిండూ అక్కర్లేదు. దూలానికి కట్టిన చీర తొట్టె ఎంత హాయో, కాస్త పెద్ద పిల్లలు దాంట్లో గిరగిరా తిరుగుతూ ఆడితే అంత ప్రమాదం. మెడకు చుట్టుకుని పోయిన పిల్లల వార్తలు ఇప్పటికీ చదువుతుంటాం.

మా ఇంటి చెక్క తొట్టెలకు పచ్చరంగు వేసి ఉండేది. పళ్లొచ్చే వయసులో అందరం ఆ కమ్మీలు కొరికినవాళ్లమే. ఇళ్లలో వాడే రంగుల్లో పది లక్షల పాళ్లకు 90కి మించి సీసం ఉండకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది 2016లో, అమలైంది 2017 నవంబరులో. అంతకుముందు రంగు వేసిన తొట్టెలు, కిటికీలు, తలుపులు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో. నానమ్మ తొట్టెనే మనవరాలికి వాడాలని నాకు ఎంతో కోరిక ఉండేది. రంగు పెచ్చులూడుతోందని మా అమ్మాయి ఒప్పుకోలేదు. ఇంట్లో గీకించినా ఆ దుమ్ము మరీ ప్రమాదమంది. తన మాటే నిజం.

బొమ్మలు నుమాయిష్‌లో కొనేవాళ్లం. ఉస్మానియాలో చదివిన పట్టభద్రుల సంఘమే 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ఆ ప్రదర్శన మొదలుపెట్టింది. అందుకని మా క్యాంపస్ పెద్దలు అది తమ సొంత పండుగ అన్నట్టు మాట్లాడేవాళ్లు. నిర్మల్ బొమ్మలు షోకేసుకు, ఏటికొప్పాక గిలక్కాయలు బిడ్డ చేతికి. అంకుడు కర్రను తరిణె పట్టి, తిరుగుతుండగానే లక్క అద్దితే ఆ వేడికి కరిగి నున్నగా పట్టేస్తుంది. ఎక్కడా కోసు అంచు ఉండదు. మధ్యలో రసాయన రంగులు వచ్చి చేరితే, సి.వి. రాజు గారు పసుపు, జాఫ్రా, నీలిమందు వంటి మొక్కల రంగుల్ని మళ్లీ ఆ ఊరి పనివాళ్ల చేతికి తెచ్చారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చాయి. 2021 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. చేతివృత్తులవాళ్లకు అందులో మినహాయింపు ఇచ్చారు, ఆ మినహాయింపు న్యాయమే. కాకపోతే ఆ గుర్తు లేని బొమ్మ కొనేటప్పుడు ఇది మొక్కల రంగేనా అని మనమే నోరు తెరిచి అడగాలి.

పాలపొడి డబ్బా మీది బొద్దు బిడ్డ కూడా మాయమైపోయాడు. ఖాళీ డబ్బాలు చక్కెరకు, పోపుగింజలకు వాడుతుంటే వాడి నవ్వు వంటింట్లో వరసగా కనబడేది. అలాంటి బొమ్మ చూసి తల్లులు తమ పాలను తక్కువ చేసుకోకూడదని 1992 నాటి చట్టం ఆ చిత్రాల్ని తీసేయించింది, పాలసీసాల ప్రకటనల్నీ ఆపింది. ఇత్తడి ఉగ్గుగిన్నెలు మూలన పడ్డాయిగానీ ఆ పద్ధతి బతికే ఉంది. నెలలు నిండకుండా పుట్టి చప్పరించలేని పిల్లలకు మన ఆసుపత్రుల్లో ఈనాటికీ ముక్కు ఉన్న చిన్న గిన్నెతో తల్లిపాలు పడుతున్నారు.

ఆరు నెలలు దాటాక తిండి. దానికి మాకు తార్నాకే గురువు. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనగా మొదలై, 50ల చివర్లో ఇక్కడికి వచ్చిన సంస్థే ఇవాళ్టి జాతీయ పోషకాహార సంస్థ. బక్కచిక్కిన పిల్లల కోసం వాళ్లు తయారుచేసిన పొడికి హైదరాబాద్ మిక్స్ అని పేరు. 40 గ్రాముల గోధుమలు, 16 గ్రాముల శెనగలు, 10 గ్రాముల పల్లీలు వేయించి పొడిచేసి, 20 గ్రాముల బెల్లం కలపాలి. ఆ 86 గ్రాముల్లో 330 కేలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు. మా ఎదురింట్లో ఉండి ఆ సంస్థలో పనిచేసే ఆంటీ వాడలో ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి నేర్పింది. నాచారంలో తయారై అంగన్‌వాడీలకు వెళ్లే బాలామృతం కూడా వేయించిన గోధుమ, శెనగల పిండే, దాంట్లో పాలపొడి, చక్కెర, నూనె కలుపుతారు.

మనవరాలికి ఆరో నెల నిండబోతోంది. మొన్న మా అమ్మాయి ఆ కొలతలు చెప్పమంటే రాసిచ్చాను. రెండేళ్లవరకు తీపి కలపొద్దని వాళ్ల డాక్టర్ చెప్పారట, బెల్లం గీత కొట్టేసింది. పల్లీలు ఇప్పుడే పెట్టొచ్చా అని అడిగింది. మెత్తగా పొడిచేసి జావలో కలిపితే పెట్టొచ్చు, గింజలుగా మాత్రం నాలుగేళ్లు దాటేదాకా వద్దు, గొంతుకు అడ్డం పడతాయని చెప్పాను. గోధుమలు ఎక్కడివో కనుక్కుని తెమ్మని అల్లుణ్ని పంపింది.