ఉచితము – స్వేచ్ఛ

తెలుగు పాఠం చెప్పుకొనేవాడు కంప్యూటరును గూర్చి వ్రాయడమేమిటని కొందరు మిత్రులకు తోచవచ్చును. ఆ శాస్త్రంలో నాకు పట్టా లేదు. నేను చదివినది తెలుగు ఎం.ఏ.; తరగతిలో చెప్పేవి సంధులు, సమాసాలు, ప్రబంధాలు. అయితే ఈ విషయం నాకు ఒక మాట మూలంగా పరిచయమైనది. మాటలతో వ్యవహరించడమే నా వృత్తి గనుక ఈ నాలుగు పుటలు వ్రాయుటకు సాహసిస్తున్నాను.

ఆంగ్లంలో ‘ఫ్రీ’ అన్న ఒక్క మాటకు రెండర్థాలు కలవు. వెల లేనిది అని ఒకటి, బంధనం లేనిది అని మరొకటి. ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్’ ఉద్యమాన్ని నడిపేవారు తాము చెప్పేది రెండవ అర్థమని నలభై ఏండ్లుగా వివరించుకుంటూనే ఉన్నారు. తెలుగువారికి ఈ చిక్కు లేదు. మనకు ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. ఉర్దూలోనూ అంతే, ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు. మా ఇంటి కంప్యూటరు విషయంలో మేము మొదట వెదకినది ఉచితమును. చివరకు మాకు దొరికినది స్వేచ్ఛ. ఆ వృత్తాంతమే ఈ వ్యాసం.

మా ఇంట ఉన్నది ఒక్కటే కంప్యూటరు. 2015లో కొన్నది. దాని మెమరీ 4 జి.బి. మాత్రమే. నా శ్రీమతి ఉర్దూ పాఠశాలలో ఉపాధ్యాయిని. ఆమె ప్రశ్నపత్రాలు దానిమీదనే తయారవుతాయి. మా ఆపా కుమారుడు మా ఇంట ఉండి బి.కాం. చదువుతున్నాడు, వాని పాఠాలు దానిలోనే. నా తెలుగు వ్రాతలు సరేసరి. అందరి పనీ ఒక్క పెట్టెతోనే గనుక అది ఒకనాడు మొరాయిస్తే ఇల్లంతా ఆగిపోతుంది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ రక్షణ సవరణలు ముగిసినవి. వ్యక్తిగత వినియోగదారులకు 2026 అక్టోబరు వరకు ఒక పొడిగింపు ఏర్పాటును కూడ ప్రకటించారు. తరువాతిదైన విండోస్ 11 నడవాలంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా భాగమూ, నిర్ణీత జాబితాలో చేరిన ప్రాసెసరూ ఉండాలని నియమం. తన సరుకుకు గడువు పెట్టుకొనే హక్కు అమ్మేవానికి ఉన్నది. దానిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కాని మీటలన్నీ పని చేస్తూ, తెర వెలుగుతూ ఉన్న యంత్రాన్ని పాత ఇనుప సామాను వానికి వేయుటకు మనస్సు ఒప్పలేదు. కొత్తది కొనుటకు ఆ నెల జీతం ఒప్పలేదు.

అప్పుడు మా పూర్వ విద్యార్థి ఒకడు, పట్టణంలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నవాడు, “సార్, లినక్స్ వేసి చూద్దాము. నచ్చకపోతే పాతది ఎక్కడికీ పోదు” అన్నాడు.

ఆపరేటింగ్ సిస్టం అనగానేమో ముందు చెప్పవలె. మన కళాశాలలో గదులు కొన్ని, తరగతులు అనేకం. ఏ గంటకు ఏ గదిలో ఎవరు ఉండాలో కాలనిర్ణయ పట్టిక నిర్ణయిస్తుంది. అది లేనినాడు ఇద్దరు అధ్యాపకులు ఒకే గది ముందు నిలబడతారు. కంప్యూటరులో మెమరీ, డిస్కు, తెర, మీటలు, ప్రింటరు అనే గదులను వివిధ ప్రోగ్రాములకు పంచిపెట్టే నిర్వహణ వ్యవస్థయే ఆపరేటింగ్ సిస్టం. ఆ పట్టికను ఎవరు వ్రాసినారు, దానిని మనం చదువవచ్చునా, అవసరమైతే దిద్దవచ్చునా అన్నదే ఇక్కడి అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నను గట్టిగా అడిగినవాడు రిచర్డ్ స్టాల్‌మన్. ఆయన అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలలో పనిచేసేవాడు. అక్కడి పాత ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే వాడుకొనేవారికి వెంటనే కబురు అందేలా ఆయన దాని ప్రోగ్రామును సవరించి ఉన్నాడు. తరువాత కొత్త ప్రింటరు వచ్చినది. దాని మూలరచన, అనగా ప్రోగ్రాము యొక్క మనుష్యులు చదువగల పాఠం, ఇమ్మని అడిగితే నిరాకరించారు. యంత్రం ఎదుట ఉన్నది, బాగుచేసే నేర్పు చేతిలో ఉన్నది, అనుమతి మాత్రం లేదు. ఆ అనుభవం ఆయనను ఆలోచింపజేసిన వాటిలో ఒకటి. 1983 సెప్టెంబరులో ఆయన గ్నూ అనే పేరుతో ఒక స్వేచ్ఛా నిర్వహణ వ్యవస్థను నిర్మించబోతున్నట్లు ప్రకటించాడు. 1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి, ఇరువది ఒక్క ఏండ్ల లైనస్ టోర్వాల్డ్స్, లినక్స్ అనే కేంద్రభాగాన్ని వెలువరించాడు. 1992లో దానిని గ్నూ లైసెన్సు క్రిందికి తెచ్చాడు. ఆ రెండూ కలిసి పూర్తి వ్యవస్థ అయినది.

ఆ లైసెన్సు నాలుగు స్వేచ్ఛలను ఇస్తుంది. ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకోవచ్చును. అది ఎట్లా పనిచేస్తున్నదో చదివి మార్చుకోవచ్చును. ప్రతులు తీసి ఇతరులకు ఇవ్వవచ్చును. మార్చిన ప్రతులను కూడ పంచవచ్చును. ఒక్క షరతు మాత్రం ఉన్నది: నీవు పంచినప్పుడు, పుచ్చుకొన్నవానికి కూడ ఇవే స్వేచ్ఛలు ఉండాలి. ఊరి బావి వంటిదన్నమాట. ఎవరైనా తోడుకోవచ్చు, పూడిక తీయవచ్చు, గట్టు కట్టవచ్చు. గట్టు కట్టినాను గనుక బావి నాదే అని కంచె వేయుటకు మాత్రం వీలులేదు.

ఆ బావి నీరు ఎంతదూరం పారినదో చూడండి. 2017 నవంబరు మొదలు ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో ప్రతి ఒక్కటీ లినక్స్‌తోనే నడుస్తున్నది. మన విద్యార్థుల జేబులలోని ఆండ్రాయిడ్ ఫోనులకు కేంద్రభాగం లినక్సే.

2025 నవంబరులో ఒక ఆదివారం ఆ పని మొదలుపెట్టాము. ముందుగా ప్రశ్నపత్రాలు, ఛాయాచిత్రాలు, నా వ్రాతలు అన్నీ వేరొక డిస్కులోకి ఎక్కించాము. దీనిని విడిచి ఎవరూ ముందుకు పోరాదు. కొత్త వ్యవస్థను స్థాపించేటప్పుడు పాత డిస్కు తుడిచిపెట్టుకొని పోవచ్చును. లినక్స్‌లో అనేక రకాల కూర్పులు కలవు. మేము ఎంచుకున్నది లినక్స్ మింట్‌లో ఎక్స్.ఎఫ్.సి.ఇ. అనే తేలికపాటి కూర్పు. దానికి 2 జి.బి. మెమరీ చాలునని, 4 జి.బి. ఉంటే మేలని దానిని తయారుచేసినవారే చెబుతారు. దానిని ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, లోపలి డిస్కును తాకకుండానే ఆ పెన్‌డ్రైవ్ నుండి నడిపి చూడవచ్చును. వై-ఫై అందినది, శబ్దం వినబడినది, ప్రింటరు కాగితం ఇచ్చినది.

నా శ్రీమతి మాత్రం ఒకే ప్రశ్న అడిగినది: ఇందులో మన ఉర్దూ నస్తాలీఖ్‌లో వస్తుందా?

ఆ ప్రశ్నలోని బరువు ఈ పత్రిక చదువరులకు తెలియనిది కాదు. నస్తాలీఖ్‌లో మాట కుడివైపు పైనుండి ఎడమవైపు క్రిందికి జారుతుంది. పక్క అక్షరాన్నిబట్టి ప్రతి అక్షరం తన రూపాన్ని మార్చుకుంటుంది. సాదా అరబ్బీ అచ్చులో ఉర్దూ వ్రాస్తే అర్థం తెలుస్తుంది గాని కంటికి పరాయిగా ఉంటుంది. తెలుగు కష్టం తెలుగుకు ఉన్నది. ‘స్త్రీ’ అన్న చిన్న మాట కంప్యూటరుకు ఆరు సంకేతాల వరుస. దానిని సకారం, తావత్తు, రావత్తు, గుడిదీర్ఘం కలిసిన ఒక్క అక్షరంగా చూపవలె. తెలుగుకూ, ఉర్దూ వ్రాసే అరబ్బీ లిపికీ యూనికోడ్‌లో 1991లోనే స్థానం దొరికినది. అయితే సంకేతం ఉన్నంతమాత్రాన రూపం రాదు. ఆ రూపం కట్టే పనివాడు వేరే ఉండాలి.

ఆ పనివాని పేరు హర్ఫ్‌బజ్. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకంలో పుట్టిన అక్షర సంధాన యంత్రం అది. పేరు పారశీ మాటలతో కూర్చినది. హర్ఫ్ అనగా అక్షరం, బాజ్ అనగా తెరచినది. హర్ఫ్ అన్న మాట వినగానే నా శ్రీమతి ముఖం వికసించినది. తెలుగు వత్తులను పేర్చేదీ, నస్తాలీఖ్ అక్షరాలను వాలుగా దించేదీ ఆ ఒక్క యంత్రమే. ఈ పత్రికలో కుడినుండి నడిచే పుటలకూ ఎడమనుండి నడిచే పుటలకూ ఒకడే లేఖకుడు పనిచేసినట్లన్నమాట. పెద్ద సంస్థలు కూడ దానిని తమ బ్రౌజర్లలోనూ, ఫోనులలోనూ వాడుకుంటున్నవి. స్వేచ్ఛా లైసెన్సుతో లభించే నోటో నస్తాలీఖ్ ఉర్దూ అక్షరరూపాన్ని చేర్చి, ఉర్దూకు ఒక కీబోర్డు అమరిక, తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ అమరిక పెట్టుకున్నాము. ఆ సాయంత్రం ఆమె ఆరవ తరగతి ప్రశ్నపత్రాన్ని లిబ్రే ఆఫీస్‌లో టైపు చేసి ముద్రించి చూచుకున్నది. అప్పుడు గాని డిస్కును మార్చుటకు అనుమతి రాలేదు. స్థాపనకు అర్ధగంట పట్టినది.

ఇంతవరకు జరిగినది ఉచితమే. స్వేచ్ఛ అనగా ఏమిటో మరి కొన్ని వారాలకు తెలిసినది.

ఎం.ఏ. చదివేటప్పుడు నేను మా చుట్టుపక్కల పల్లెలలో పీర్ల పండుగకు పాడుకొనే తెలుగు పాటలను సేకరించి ఒక లఘు పరిశోధన వ్యాసం వ్రాసినాను. హిందువులూ ముస్లిములూ కలిసి అలావా చుట్టూ తిరుగుతూ పాడే పాటలవి. 2010లో దానిని ఒక డి.టి.పి. కేంద్రంలో టైపు చేయించాను. వ్యాసం అచ్చుప్రతి నావద్ద ఉన్నది గాని, అనుబంధంగా చేర్చదలచిన పాటలు ఫైలులోనే మిగిలిపోయినవి. ఆ పాటలు పాడి వినిపించిన ముసలివారిలో ఇప్పుడు ఎక్కువమంది లేరు. ఆ కాలపు డి.టి.పి. పద్ధతి యూనికోడ్‌కు వేరైనది; ఆంగ్లాక్షరాల స్థానంలో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టి నడిపేవారు. ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే ఆంగ్లాక్షరాలు, చుక్కలు, గీతలు తప్ప ఏమీ కనబడదు. పాటలు నావే; వాటి తాళంచెవి మాత్రం నా వద్ద లేదు.

నా పూర్వ విద్యార్థి, అటువంటి పాత వ్రాతను యూనికోడ్‌లోకి మార్చే ఒక స్వేచ్ఛా ప్రోగ్రామును తెచ్చి నడిపాడు. పాటలు తెర మీదికి వచ్చినవి. అయితే శకటరేఫం, అదే బండి ‘ఱ’, వచ్చినచోటనల్లా మరొక గుర్తు పడుతున్నది. ఆ ప్రోగ్రాము మూలరచన తెరచి ఉన్నది గనుక వాడు దానిని విప్పి, అక్షరాల పట్టికలో ఒక్క వరుసను దిద్దినాడు. మరల నడిపితే ‘ఱ’ యథాస్థానంలో కూర్చున్నది. ఆ దిద్దుబాటును అసలు ప్రోగ్రాము నిర్వహించేవారికి కూడ పంపినాడు. ఎక్కడో మరొక తెలుగువాని పాత కాగితాలు తెరచుకొనేటప్పుడు ఆ దిద్దుబాటు వానికి పనికివస్తుంది. మూతవేసిన ప్రోగ్రాము అయి ఉంటే మేము ఒక విన్నపం వ్రాసుకొని జవాబు కొరకు ఎదురుచూడవలసి వచ్చేది. కొద్దిమంది వ్రాసే అక్షరానికి జవాబు వచ్చుట దుర్లభం.

చిన్న భాషలకు ఈ స్వేచ్ఛ ఎందుకు అవసరమో నాకు అక్కడ అర్థమైనది. వ్యాపారి అంగడిని చూచి భాషను చేరుస్తాడు, అది సహజం. మూలరచన తెరచి ఉన్నచోట మాత్రం భాష మాట్లాడేవారే తమ భాషను చేర్చుకోగలరు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ ఈ మార్గంలోనే తెలుగులో ఒక నిర్వహణ వ్యవస్థను రూపొందించినది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు కంప్యూటరు నేర్చుకొనేది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదనే.

కష్టాలు లేవని చెప్పను. మా ఆపా కుమారునికి అవసరమైన వాణిజ్య లెక్కల ప్యాకేజీ ఒకటి దీనిమీద నేరుగా నడువదు. దానిని వాడు కళాశాల ప్రయోగశాలలో అభ్యసిస్తున్నాడు. ఇతరులు పంపే పత్రాలలో పట్టికల అమరిక కొన్నిసార్లు చెదరుతుంది. మొదటి పది దినాలు ప్రతి చిన్న పనికీ చెయ్యి అలవాటైనచోటికే పోయేది. ఆ తరువాత సర్దుకున్నది.

ఒకనాడు వాడే నన్ను అడిగినాడు: “మామూ, ఈ పెన్‌డ్రైవ్ నా స్నేహితునికి ఇవ్వవచ్చునా?” పరీక్షలో చూచి వ్రాయరాదని చెప్పే అధ్యాపకులం మనం. దొంగ ప్రతుల సాఫ్ట్‌వేర్ చేతులు మారుతూ ఉంటే చూడనట్లు ఊరుకొనేదీ మన సమాజమే. ఇక్కడ ప్రతి తీసి ఇచ్చుట నేరం కాదు, లైసెన్సే ఇమ్మంటున్నది. ఇవ్వమన్నాను. వానికి మరొక మాట చెప్పినాను: ఇచ్చేటప్పుడు వాడుకొనే విధానం కూడ నేర్పు. విద్య వలెనే ఇది కూడ పంచితే తరగనిది.

విద్యార్థినీ విద్యార్థులకు నా సూచన ఇది. ఇంట పాత కంప్యూటరు ఉంటే పారవేయుటకు ముందు ఒక పెన్‌డ్రైవ్‌తో పరీక్షించండి. సైన్సు విద్యార్థులు ఒక అడుగు ముందుకు వేసి మూలరచనను తెరచి చదవండి. వ్యాకరణం చదివినవాడు పద్యాన్ని విప్పినట్లు విప్పి చూడండి.

కళాశాల కమిటీ పెద్దలకు రెండు మనవులు. గడువు తీరినవని ప్రక్కన పెట్టిన కంప్యూటర్లలో ఒక్కదానిని ఈ ప్రయోగానికి ఇప్పించవలెను. ఇక రెండవది, ఈ వార్షిక సంచిక ఉర్దూ, తెలుగు వ్రాతప్రతులను అచ్చుకు పంపేటప్పుడే యూనికోడ్‌లో, ఎవరైనా తెరువగల ఫైళ్ళుగా ఒక ప్రతి కళాశాల గ్రంథాలయంలో భద్రపరచవలెను. ఇందులో వ్రాసిన విద్యార్థి ఇరువది ఏండ్ల తరువాత తన బిడ్డను వెంటబెట్టుకొని వచ్చి తన మొదటి కవితను అడిగితే, ఏ తాళంచెవీ వెదకకుండానే మనం దానిని తెరచి ఇవ్వగలగాలి.