కుంటిన కాలు

ఒంగోలు జాతి ఎద్దులను దేశదేశములవారు మెచ్చుకొనిరి. బ్రెజిలు దేశమున వీని సంతతి నేడు కోట్లకొలది యున్నది. మన కృష్ణా మండలమున ట్రాక్టరు వచ్చి దుక్కిని మాన్పించగా, వీనికి సంక్రాంతి బండలాగుడు పందెము మిగిలినది. పాలపండ్లు, రెండుపండ్లు, నాలుగుపండ్లు అని తరగతు లేర్పరచి, నిర్ణీత కాలములో బండ నెన్ని యడుగులు లాగినవో కొలిచి బహుమతు లిత్తురు. తరగతులు పంతుళ్ల సొమ్మే యనుకొనువారు గమనింతురు గాక!

గన్నవరమునకు సమీపమున మా బావమరిదికి నాలుగుపండ్ల జత యొకటి కలదు. ప్రతి వేకువను కాలువగట్టున నడిపించి, దినము విడిచి దినము బరువు కట్టి సాధన చేయించుచుండెను. మార్గశిరమున దాపటి యెద్దు కుడి ముంగాలు మోపినప్పుడెల్ల తల యెత్తసాగెను. నొప్పిగల ముంగాలు నేల నానినపుడు తల లేచును, మంచికాలు ఆనినపుడు దిగును. గుఱ్ఱమునకైనను ఎద్దునకైనను గురుతిదియే. తాకి చూడగా గిట్టపై కీలుకడ కొంచెము వేడి, కొంచెము వాపు. డెక్కల నడుమ ముల్లు లేదు.

“వాత వేయించిన మూడునాళ్లలో లేడివలె నడచును బావగారూ! పందెమునకు 40 దినములే యున్నవి” అని అతడు తొందరపడెను.

చదువరులారా, వాత మహిమ యెరుగుదురా? పుండు మానువరకు పశువును కదలనీయక కట్టియుంతురు. ఆ విశ్రాంతి మేలుచేయును. పేరు కడ్డీకి వచ్చును. సుశ్రుతమున అగ్నికర్మ లేదా యని అతడు నన్నడుగలేదు. అడిగినను నామాట యిదియే.

గన్నవరమునందే 1998లో స్థాపితమైన ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల యుండగా కడ్డీ కాల్చుటేల? అచటికి తోలుకొనిపోతిమి. ఎముక విరుగలేదనియు, స్నాయువు కొద్దిగా బెణికినదనియు వైద్యుడు చెప్పెను. పూటకు 20 నిమిషములు చన్నీటి ధార, మెత్తని నేల, వాపు తీసిన పిమ్మట పగ్గము పట్టి మెల్లని నడక. గుండెయు కండలును కొలది వారములలో శ్రమకు అలవడును. స్నాయువులకు, ఎముకలకు నెలలు పట్టును. కండ చూచి యజమానుడు బరువు పెంచును, లోని స్నాయువు ఇంకను వెనుకబడియే యుండును. నొప్పి తెలియనీయని మందిచ్చి లాగించిన, బెణికినది తెగును.

కాలిఫోర్నియాలో 1955లో ఆరంభమైన టెవిస్ అను 100 మైళ్ల గుఱ్ఱపుస్వారి పందెమున మజిలీ మజిలీకి పశువైద్యులు నాడిని, నడకను పరీక్షించి కుంటుదానిని ఆపివేయుదురు. గడువులో గీత దాటినను, పిదప పరీక్షలో నిలువని గుఱ్ఱము పందెము ముగించినట్లు లెక్క కాదు. మన పందెములలో బండ జరిగిన దూరము కొలుచువానిని అందరము చూచితిమి. కాలు చూచువాని నెందరము చూచితిమి?

జతను విరమించినందుకు ఊరివారు నవ్విరి. బావమరిది మూడుదినములు నాతో మాటలాడలేదు. నీటిధార మాత్రము అతని భార్య, నాకు చెల్లెలి వరుస, ఒక్కపూటయు తప్పనీయలేదు. కనుమనాటికి ఎద్దు తల యెత్తక నడచినది. ఫాల్గుణమున తిరిగి కట్టిన బరువు మునుపటి దానిలో సగము.