ప్రయోగశాలలో పొదుపు

జహీరాబాదు ప్రాంతమున అల్లము పండించు రైతునకు విత్తనపు దుంపలకే చాల ధనము వ్యయమగును. చేతిలో డబ్బులేని యేట అతడు పండుగ ఖర్చు తగ్గించుకొనును. ఇంటి మరమ్మతును వాయిదా వేయును. కాని విత్తనమును మాత్రము వండుకొని తినడు. దేనిని తగ్గింపవచ్చునో, దేనిని తగ్గింపరాదో తెలియుటయే పొదుపు. ఈ వివేకము పాఠశాలలోని రసాయన ప్రయోగశాలకును అవసరము.

చిన్న పట్టణములలోని ప్రయోగశాలలకు లభించు ధనము తఱచుగా స్వల్పము. ఆమ్లములకు, లవణములకు, పరీక్షనాళికలకే అది చాలనప్పుడు రక్షణసామగ్రి యెందుకని తోచుట సహజము. ఖాళీయైన శీతలపానీయపు సీసాలో ఆమ్లము పోసి యుంచినచో ఒక సీసా వెల మిగులును. కాని దప్పికగొన్న బాలుడు దానిని నీరని త్రాగినచో గతి యేమి? ఇట్టిది పొదుపు గాదు, అప్పు. ఆ అప్పును ఎవరో యొకరు తమ కంటితోనో, ప్రాణముతోనో తీర్పవలసి వచ్చును.

మహాశాస్త్రజ్ఞులకును ఈ బాధ తప్పలేదు. నత్రజని, క్లోరినుల సంయోగమువలన కలుగు ఒక ప్రేలుడు తైలమును కనుగొనుచు ఫ్రాన్సు దేశీయుడగు డ్యూలాంగ్ ఒక కంటిని, కొన్ని వ్రేళ్ళను పోగొట్టుకొనెను. 1812లో ఇంగ్లండునందు హంఫ్రీ డేవీ అదే తైలముతో ప్రయోగము చేయుచుండగా అది ప్రేలి అతని కంటికి గాయమయ్యెను. ఆ పదార్థమును గుండుసూది తలకంటె పెద్ద బిందువుగా తీసికొని పరీక్షించుట క్షేమము గాదని డేవీ తరువాత హెచ్చరించెను.

ఈ హెచ్చరికలో పేద ప్రయోగశాలకు పనికివచ్చు రహస్యమొకటి కలదు. చెంచాడు లవణముతో చేయు పరీక్షను పెక్కుమారులు చిటికెడుతోనే చేయవచ్చును. అప్పుడు ఖర్చు తగ్గును, పొగ తగ్గును, ఆమ్లము చిందినను గాయము తగ్గును. ఇచట పొదుపును, క్షేమమును ఒకే త్రోవన నడచును.

కొన్ని జాగ్రత్తలకు కాసైనను అక్కఱలేదు. ఆమ్లమును నీటిలో కొంచెము కొంచెముగా పోయవలెనే గాని, నీటిని ఆమ్లములో పోయరాదు. పోసినచో పుట్టిన వేడికి ఆమ్లము పైకి చిమ్మును. వేడిచేయు నాళిక మూతిని ఎవరి ముఖమువైపునకును త్రిప్పరాదు. ప్రతి సీసాకును పేరు వ్రాసిన చీటీ యుండవలెను. ఆమ్లపు సీసాలను క్రింది అరలో ఉంచవలెను. కిటికీలు తెఱచి, ఇసుక బకెట్టును, నీటిని చేరువలో నుంచుకొనవలెను. కంట ఆమ్లము పడినచో వెంటనే కనీసము 15 నిమిషములు ధారగా నీటితో కడిగి, పిదప వైద్యునికడకు పోవలెను.

కొన్నిటిని మాత్రము కొనక తప్పదు. వానిలో మొదటివి రక్షక కళ్ళద్దములు. నలుబదిమంది విద్యార్థులకు పది జతలే యున్నచో, ఒకమారు పదిమందియే ప్రయోగము చేయవలెను. తక్కినవారు దూరముగా వేచియుండవలెను. కాలము కొంత పట్టును గాని కన్నులు నిలుచును.

జహీరాబాదున్న సంగారెడ్డి జిల్లాలోనే, పాశమైలారమునందలి ఒక ఔషధసంబంధమైన కర్మాగారమున 2025 జూన్ 30వ తేదీన ప్రేలుడు సంభవించి నలుబదిమందికి పైగా శ్రామికులు మరణించిరి. నేటి విద్యార్థులలో కొందఱు రేపు అట్టి కర్మాగారములలో పనిచేయుదురు. కొందఱు వానిని నడుపుదురు. ఖర్చు తగ్గింపవలసి వచ్చిన దినమున దేనిని ముట్టరాదో వారికి తెలిసియుండవలెను. ఆ పాఠమునకు తొలి తావు పాఠశాలలోని ప్రయోగపు బల్లయే.