తెగిన వేలును ఎట్ల తీసుకపోవాలో మాకు తెల్వలేదు



మాది పెద్దేముల్ మండలంల ఒక తండా. ఇంటర్ సెలవులల్ల మేము నలుగురం తాండూరు దిక్కు బండల పాలిష్‌కు కూలికి పోయేటోళ్ళం. అప్పుడు జరిగింది ఇన్నాళ్ళు ఎక్కడా రాయలేదు, సిగ్గు అనిపించింది. ఈ సెలవులకు మళ్ళ మన తమ్ముళ్ళు అదే పనికి పోతున్నరని తెలిసి రాస్తున్నం.

ఆ రోజు మాతోని పనిచేసే అన్న కుడి చెయ్యి కటింగ్ మిషన్ల పడ్డది. బొటనవేలు తెగి కింద పడ్డది. మాకు కాళ్ళు చేతులు ఆడలేదు. ఒకళ్ళం గాయం మీద పసుపు అద్దినం. ఇంకొకళ్ళం ఉరికి ఐసుగడ్డలు తెచ్చి వేలును వాటి నడుమ పెట్టినం. మంచి పనే చేసినం అనుకున్నం. కట్టు కట్టించి, పైసల కోసం, బండి కోసం తిరిగి, హైదరాబాద్ చేరేసరికి రాత్రయింది.

డాక్టర్ సార్ మమ్మల్ని తిట్టలేదు. "ఐసు నేరుగ తగిలి కండ పాడైంది, ఇది ఇగ అతకదు" అని మెల్లగ చెప్పిండు. అన్న మా దిక్కు చూసిండు, ఏమనలేదు. ఆ చూపు ఇంక మర్చిపోలేదు.

తర్వాత తెలుసుకున్నం. వేలిలోని రక్తనాళం సుమారు 1 మిల్లీమీటరే ఉంటది. మైక్రోస్కోప్ కింద వెంట్రుక కన్న సన్నటి దారంతోని దాన్ని కుడతరు. జపాన్‌ల కొమత్సు, తమాయ్ అనే డాక్టర్లు 1965లనే పూర్తిగా తెగిన బొటనవేలును ఇట్ల అతికించిండ్రు. మేము పుట్టకముందు నుంచే ఉన్న వైద్యం, మా తండాదాకా ఆ ముచ్చట రాలేదు.

అందుకే ఇది గుర్తు పెట్టుకోండి. తెగిన వేలును మంచి నీళ్ళతో మెల్లగ కడగాలె, రుద్దొద్దు. శుభ్రమైన తడి గుడ్డల చుట్టి, ప్లాస్టిక్ కవర్ల పెట్టి మూతి గట్టిగ కట్టాలె. ఆ కవర్‌ను ఐసు కలిపిన నీళ్ళల్ల ఉంచాలె. ఐసు వేలుకు తగలొద్దు. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి ఒత్తి, చెయ్యి పైకెత్తి పట్టుకోవాలె. పసుపు, సున్నం ఏదీ పెట్టొద్దు. వెంటనే 108కు ఫోన్ చేయాలె. ఇట్ల చల్లగ దాస్తే వేలుకు దాదాపు 24 గంటలదాకా ఆశ ఉంటది. అదే మణికట్టు పైన తెగితే కండ ఎక్కువ, ఆరు గంటలల్లనే చేరాలె. నలిగిపోయిన వేళ్ళు అన్నీ అతకవు, అయినా పారేయొద్దు, అది డాక్టర్ చెప్పాలె. ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లల్ల ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు ఉన్నయి. ఆరోగ్యశ్రీ గురించి అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి.

బొటనవేలు లేకపోతే కొడవలి పట్టరాదు, పెన్ను పట్టరాదు. ఏకలవ్యుని కథ చదివినప్పుడు మనకు కోపం వస్తది. మన అన్నల వేళ్ళు కూలి దగ్గర పోతుంటే మాత్రం నసీబు అని ఊకుంటున్నం. తీజ్‌కు నగారా కొట్టే అన్న, ఇప్పుడు చెయ్యి జేబుల పెట్టుకొని దూరం నిలబడతడు.

కాలి వేలు తీసి బొటనవేలు లెక్క పెట్టే ఆపరేషన్ ఉందని మొన్న చెప్పినం. "నడవొస్తదా?" అన్నడు. నడవొస్తదని డాక్టర్ చెప్పిండు. నరం రోజుకు దాదాపు 1 మిల్లీమీటరే పెరుగుతది, నెలల తరబడి కసరత్తు చేయాలె. కంది కోతలు అయినంక పోదాం అన్నడు. ఈసారి నలుగురం వెంట పోతున్నం, తెలుసుకొని పోతున్నం.