పప్పు ఉడికే నీళ్ళు

ఫస్ట్ ఇయర్ కెమిస్ట్రీ ల్యాబులో నీటి కఠినత్వం ఎక్స్‌పెరిమెంటు మీలో ఎంతమంది నిజంగా చేశారు? చెయ్యెత్తక్కర్లేదు. నేనైతే చెయ్యలేదు. ఎరియోక్రోమ్ బ్లాక్ టి వేస్తే నీళ్ళు ద్రాక్షరసం రంగుకి వస్తాయని, ఇడిటిఎ చుక్క చుక్క వదిలితే నీలంగా మారతాయని తెలుసు. రీడింగులు మాత్రం సీనియర్ రికార్డులోవి. అలాంటివాణ్ణి, సెమిస్టర్ అయిపోయాక ఒక సీసా పట్టుకుని అదే ల్యాబుకి వెళ్ళి, "మేడం, మా ఊరి బోరు నీళ్ళు ఒకసారి చూసుకుంటాను" అని బతిమాలుకున్నాను. కారణం పన్నెండు చేపలు.

మాది మార్కాపురం. సెమిస్టర్ సెలవుల్లో ఇంటికెళ్ళి రెండడుగుల అక్వేరియం పెట్టాను. 60 లీటర్లు పడుతుంది. నెల రోజులు ముందే ఫిల్టర్ నడిపించి, చేపల వ్యర్థంలోని అమోనియాని తినే బాక్టీరియా పెరిగేదాకా ఆగాను. యూట్యూబ్ పుణ్యాన ఆ మాత్రం ఓపిక నేర్చుకున్నా. తర్వాత పన్నెండు నియాన్ టెట్రాలు తెచ్చాను. చిటికెన వేలి గోరుకంటే కొంచెం పెద్దవి. ఒంటి మీద నీలం గీత, కింద ఎరుపు గీత. లైటు వేస్తే ట్యూబులైటు ముక్కలు ఈదుతున్నట్టు ఉంటాయి. కవరుని పావుగంట ట్యాంకు నీళ్ళలో తేలించి, కత్తిరించి వదిలేశాను. మూడో రోజుకి మూడు పోయాయి. వారానికి ఐదు.

అమోనియా చూస్తే సున్నా. నైట్రైటూ సున్నా. కోడ్ కంపైల్ అవుతోంది, అవుట్‌పుట్ మాత్రం శవాలు.

అప్పుడు పిహెచ్ చూశాను. 8 పైన ఉంది. ఈ చేపల సొంతూరు అమెజాన్ పైపాయలు. పెరూ, కొలంబియా, బ్రెజిల్ అడవుల్లో ఆకులు కుళ్ళి టీ డికాషన్ రంగుకొచ్చిన వాగులు. ఆ నీళ్ళు కాస్త ఆమ్లంగా ఉంటాయి, కాల్షియం దాదాపు ఉండదు. సరే, పిహెచ్ తగ్గిద్దామని మా వీధి చివర బాదం చెట్టు కింద రాలిన ఎండుటాకులు కడిగి వేశాను. నీళ్ళు అచ్చంగా డికాషన్ రంగుకి వచ్చాయి. పిహెచ్ మాత్రం అక్కడే ఉంది. ఇంకో చోట ఎవరో చెప్పారని బకెట్లో నీళ్ళు పట్టి నిమ్మరసం పిండి చూశా. సాయంత్రానికి 7 అయింది, పొద్దునకి మళ్ళీ 8. నీళ్ళలో బైకార్బొనేట్లు ఎక్కువుంటే అవి బండికి షాక్ అబ్జార్బర్లాంటివి. మనం ఎంత ఆమ్లం పోసినా మింగేసి మళ్ళీ మొదటి చోటికే తెస్తాయి. ఆ బకెట్టు ట్యాంకులో పోయనందుకు ఇప్పటికీ సంతోషమే. అట్లా పైకీ కిందికీ ఊగే పిహెచ్ కంటే కదలకుండా ఉండే 8 చేపకి తక్కువ హాని.

అసలు తేడా పిహెచ్‌లో లేదు, కరిగున్న ఖనిజాల్లో ఉంది. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు బయటి నీళ్ళకంటే ఎక్కువ. అందుకని మొప్పల గుండా నీళ్ళు లోపలికి వస్తూనే ఉంటాయి. దాని కిడ్నీలు ఆ నీళ్ళని బయటికి తోస్తూనే ఉంటాయి, మొప్పలు ఉప్పుల్ని పట్టి దాచుకుంటూనే ఉంటాయి. షాపువాళ్ళ కవర్లో నీళ్ళు కొంచెం మిగిలితే టిడిఎస్ మీటర్ పెట్టాను. 180. మా బోరు 1120. పావుగంట తేలిస్తే వేడి సమానమైంది కానీ, ఉప్పులు సమానం కాలేదు. 180కి అలవాటు పడిన ఒంటిని ఒక్క క్షణంలో 1120లోకి దూకించాను. చుక్క చుక్కగా రెండు మూడు గంటలపాటు కొత్త నీళ్ళు కలపాలని చావులయ్యాక తెలిసింది.

సెలవులు అయ్యాక ల్యాబులో ఈసారి రీడింగు నాదే. 20 మిల్లీలీటర్ల బోరు నీళ్ళకి 0.01 మోలార్ ఇడిటిఎ 11.2 మిల్లీలీటర్లు పట్టింది. లెక్క కడితే లీటరుకి 560 మిల్లీగ్రాముల కఠినత్వం. మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 వరకు ఉంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా. అంటే మా ఇల్లు "వేరే దిక్కు లేకపోతే" అనే కాలమ్‌లో బతుకుతోంది. నియాన్లకి నేను పెట్టుకున్న టార్గెట్ 100.

నీళ్ళ నుంచి కాల్షియం తీసెయ్యడానికి ఇంట్లో మందు లేదు. మరిగిస్తే కొంత తెల్లగా గిన్నెకి పడుతుంది, మిగతాది ఉండిపోతుంది. సులువైన దారి కలపడం. ఆర్వో ప్లాంటు క్యాను నీళ్ళలో కఠినత్వం 10 దాకా వచ్చింది. ఐదు పాళ్ళు క్యాను, ఒక పాలు బోరు కలిపితే సుమారు 102. ఒట్టి ఆర్వో వాడకూడదా అంటే, వాడకూడదు. షాక్ అబ్జార్బర్ పూర్తిగా పీకేసినట్టే. పిహెచ్ ఎప్పుడు పడిపోతుందో తెలియదు. ట్యాంకులో వారానికి 12 లీటర్లు మార్చాలి కాబట్టి 10 లీటర్లు క్యాను, 2 లీటర్లు బోరు. ఒకేసారి మొత్తం మారిస్తే మళ్ళీ అదే షాకు. అందుకే నెలల మీద మెల్లగా దించాం.

ఎండాకాలం ఇంకో పాఠం. మార్కాపురం మే నెల సంగతి తెలిసిందే. ట్యాంకులో రోజూ వేలెడు నీళ్ళు తగ్గేవి. అమ్మ బోరు నీళ్ళతో నింపేది. ఆవిరయ్యేది నీళ్ళే, కాల్షియం కాదు. దాని మీద మళ్ళీ బోరు నీళ్ళు పోస్తే వడ్డీ మీద వడ్డీ. తగ్గిన నీళ్ళకి ఒట్టి క్యాను నీళ్ళే పొయ్యాలి, మార్చేటప్పుడు మాత్రం కలిపినవి. మధ్యాహ్నాలు మూత తీసి చిన్న ఫ్యాను పెట్టేవాళ్ళం. నీళ్ళు రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి.

నేను హాస్టల్‌కి తిరిగొచ్చాక ఈ పనంతా అమ్మది, అవ్వది. అవ్వ మా నాయన వాళ్ళమ్మ. నడుము వంగిపోయాక పల్లె వదిలి మా దగ్గరికొచ్చింది. మొదట్లో తిట్టింది. "ఏందిరా, చేపలకు క్యాను నీళ్ళా? మనుషులకే గతిలేదు." నేను ఫోనులో హార్డ్‌నెస్సు, టిడిఎస్సు అని క్లాసు పీకాను. అంతా విని ఒకే మాట అడిగింది.

"అంటే నీ చేపలకు పప్పు ఉడికే నీళ్ళు కావాల. అంతేనా?"

అంతే. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్ళలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకులుగానే ఉంటుంది. అవ్వ పుట్టిల్లు కంభం దగ్గర. గుండ్లకమ్మ నీళ్ళు నిలిచే కంభం చెరువు తెలుసుగా, విజయనగర రాజుల కాలం నాటిది. ఆ నీళ్ళతో పప్పు వెన్నలా ఉడికేదట. వానాకాలం పంచ ముందు నాలుగు గుంజలకి ఉతికిన పంచె కట్టి, నడిమధ్యలో గులకరాయి వేసి, కింద బిందె పెట్టేవాళ్ళట. "తొలి వాన పట్టకూడదు. దుమ్మూ ధూళీ అంతా అందులోనే." ఇంజనీర్లు ఫస్ట్ ఫ్లష్ అనేది దీన్నే.

పైగా అవ్వ పరీక్ష నా మీటర్ కంటే ఒక విషయంలో మెరుగు. టిడిఎస్ మీటర్ నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో చూసి మొత్తం ఉప్పుల అంచనా చెబుతుంది. అది కాల్షియమా, సోడియమా అన్నది దానికి తెలీదు. పప్పుకి తెలుసు. సబ్బు నురగకి కూడా తెలుసు. 1841లో థామస్ క్లార్క్ అనే స్కాట్లాండ్ కెమిస్ట్ సబ్బు నురగతోనే కఠినత్వం కొలిచే పద్ధతి తెచ్చాడు.

ఈ సంబరంలో అవ్వని ఇంకా కదిపాను. మా పల్లెలో పప్పు ఉడికే బోరు ఉండేదా అని. ఉండేదట. రెండు బోర్లు. ఒకదాని నీళ్ళు గొడ్లకి, గుడ్డలకి. రెండో దాంట్లో పప్పు బాగా ఉడికేది. అందరూ తాగడానికి, వంటకి దాన్నే మోసుకునేవాళ్ళు. చాలా ఏళ్ళ తర్వాత పరీక్ష చేస్తే ఫ్లోరైడ్ ఎక్కువ వచ్చింది ఆ రెండో బోరులోనే.

నేను చదివి చూశాను. అది విచిత్రమేమీ కాదు. నీళ్ళలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్‌ని పట్టుకుని కాల్షియం ఫ్లోరైడ్‌గా విడిపోతుంది. కాల్షియం తక్కువున్న చోట ఫ్లోరైడ్‌ని ఆపేది ఉండదు. అందుకే ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు చాలాసార్లు మెత్తగా ఉంటాయి. పప్పు చక్కగా ఉడుకుతుంది. పప్పు పరీక్షకి ఫ్లోరైడ్ కనపడదు. నా 500 రూపాయల మీటర్‌కీ కనపడదు. 1.5 మిల్లీగ్రాములు దాటితేనే ప్రమాదమైనప్పుడు, వెయ్యి దాటిన అంకెలో అదెక్కడ తెలుస్తుంది?

మా పశ్చిమ ప్రకాశంలో గార పళ్ళు కొత్త కాదు. పళ్ళు ఏర్పడే చిన్న వయసులో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ మచ్చలు జీవితాంతం పోవు. మా నాయన పెళ్ళి ఆల్బంలో ఒక్క ఫోటోలోనూ పళ్ళు కనపడేట్టు నవ్వలేదు. సిగ్గేమో అనుకునేవాణ్ణి.

కాల్షియం ఫ్లోరైడ్ గురించి అవ్వకి ఉత్సాహంగా చెప్పేశాను. చెప్పాక అటువైపు చప్పుడు లేదు. కాసేపటికి, "మంచి నీళ్ళని ఆ బోరుకే పొయ్యేదాన్ని నాయనా. దూరమైనా సరే. ఆ నీళ్ళతోనే మీ నాయన్ని సాకింది" అంది.

ఏం చెప్పాలో తెలీలేదు. "నీకెట్లా తెలుస్తది అవ్వా" అన్నాను. నిజం కూడా అదే. ఆమె దగ్గరున్న పరీక్ష ఆమె సరిగ్గానే చేసింది. ఆ నీళ్ళని అడగాల్సిన రెండో ప్రశ్న ఒకటుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

వెలిగొండ ప్రాజెక్టుకి శంకుస్థాపన 1996లో. నేను పుట్టకముందే. నల్లమల కింద ఒక్కోటి దాదాపు 19 కిలోమీటర్ల రెండు సొరంగాలు, కృష్ణా నీళ్ళు మావైపు తేవడానికి. నేను ఇది రాసేనాటికి మా పల్లె కుళాయికి ఆ నీళ్ళు రాలేదు. అందాకా క్యాన్లే. ఇప్పుడు అవ్వ కూడా క్యాను నీళ్ళే తాగుతోంది, చప్పగా ఉన్నాయని రోజూ తిడుతూ. చేపల కోసం తెప్పించడం మొదలుపెట్టిన రెండో క్యాను ఆమెకి అలవాటైంది. ఈసారి సెలవులకి పల్లెకెళ్ళి, ఇప్పుడు వాళ్ళు తాగుతున్న బోరు నీళ్ళు సీసాలో పట్టి ఫ్లోరైడ్ పరీక్షకి ఇస్తాను. ఇడిటిఎ దానికి పనికిరాదు. వేరే ల్యాబుకి పోవాలి.

మిగిలిన నియాన్లు ఏడు. వానాకాలంలో అవ్వ మేడ మీద బట్టలారేసే తీగెలకి నాయన పాత పంచె కట్టించి, గులకరాయి వేయించింది. తొలి వాన వదిలేసి రెండో వాన పట్టారు. మీటర్ పెడితే 14. క్యానుకి బదులు ఆ నీళ్ళే కలిపారు. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ ఫోను ట్యాంకు వైపు తిప్పితే, పక్కనుంచి అవ్వ వేలు అద్దం మీద పెట్టి లెక్కపెడుతుంది. ఒక చేప ఆకు వెనక దాక్కుంటే ఆరు దగ్గర ఆగిపోతుంది. అది బయటికొచ్చేదాకా నాకు ఫోను పెట్టెయ్యడానికి పర్మిషన్ లేదు.